టెక్ సందేహాలు: స్టీరింగ్ ఆడుతోందా? ముందే స్క్రూ బిగించకండి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. బత్తాయి తోటలో తిప్పడానికి పాత మినీ ట్రాక్టర్ కొన్నాను. 18 హెచ్‌పీ, పవర్ స్టీరింగ్ లేదు. స్టీరింగ్ అటూ ఇటూ బాగా ఆడుతోంది. మెకానిక్ స్టీరింగ్ బాక్సు పక్కనున్న స్క్రూ బిగించాడు. ఇప్పుడు మలుపుల్లో పట్టేస్తోంది, తిన్నగా పోయేటప్పుడు మాత్రం ఆట అలాగే ఉంది. కాలువ కట్ట మీద పోవాలంటే టెన్షన్. బాక్సు మార్చాల్సిందేనా, విప్పి బాగుచేయించవచ్చా? ఆట ఎంతుందో కొలిచే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: యాప్ సంగతి ముందు చెప్పేస్తాను. ఫోన్లోని లెవల్ యాప్ ఇక్కడ సరిగ్గా పనిచేయదు. ట్రాక్టర్ స్టీరింగ్ చక్రం దాదాపు పడుకున్నట్టు ఉంటుంది కాబట్టి తిప్పినా ఫోన్ వంపు పెద్దగా మారదు. కంపాస్ యాప్ ఇంత ఇనుము పక్కన తప్పు చెబుతుంది. కొలత టేపు చాలు. బండి ముందు చక్రాలు తిన్నగా పెట్టి, అవి కదలడం మొదలయ్యే వరకు స్టీరింగ్ ఒకవైపు తిప్పి, కదలని ఒక చోటికి ఎదురుగా స్టీరింగ్ చక్రం అంచు మీద గుర్తు పెట్టండి. రెండో వైపూ అలాగే, అదే చోటికి ఎదురుగా. రెండు గుర్తుల మధ్య దూరమే ఆట. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 98వ నిబంధన ప్రకారం ఇది 30 డిగ్రీలు దాటకూడదు. స్టీరింగ్ చక్రం 40 సెంటీమీటర్ల వెడల్పుంటే, అంచు దగ్గర అది సుమారు 10.5 సెంటీమీటర్లు. అది చట్టం పెట్టిన హద్దు. కట్ట మీద పోయే బండికి అందులో సగం ఉన్నా నేను ఒప్పుకోను.

ఫోన్ అసలు ఉపయోగపడేది ఆట ఎక్కడుందో పట్టుకోవడానికి. బాక్సు నుంచి కిందికి దిగే డ్రాప్ ఆర్మ్ కనిపించేలా ఫోన్ నిలబెట్టి, స్లో మోషన్ వీడియో ఆన్ చేసి, స్టీరింగ్ అటూ ఇటూ ఊపండి. స్టీరింగ్ కదిలినా ఆర్మ్ కదలకపోతే తప్పు బాక్సులోనే ఉంది. ఆర్మ్ వెంటనే కదిలి బండి ముందు చక్రం ఆలస్యంగా కదిలితే డ్రాగ్ లింక్ (ఆర్మ్ నుంచి చక్రం వైపు పోయే కడ్డీ), టై రాడ్ ఎండ్లు (రెండు చక్రాలను కలిపే కడ్డీ చివరి కీళ్లు), కింగ్ పిన్ బుష్‌లు (చక్రం మలుపు తిరిగే పిన్ చుట్టూ ఉండే తొడుగులు), చక్రం బేరింగులు చూడాలి. బాక్సు విప్పించి డబ్బు ఖర్చుపెట్టాక టై రాడ్ ఎండ్ అరిగిందని తేలితే ఎంత బాధో ఆలోచించండి.

మీ విషయంలో మాత్రం బాక్సే అనుకుంటున్నాను. స్క్రూ బిగించాక మలుపుల్లో పట్టేస్తోంది, తిన్నగా పోతే ఆట అలాగే ఉంది అని మీరు రాసిన ఒక్క మాటే దానికి ఆధారం. ఇలాంటి బాక్సుల్లో ఎక్కువగా కనిపించేది బాల్స్ రకం. వార్మ్ షాఫ్ట్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే మరలాంటి కడ్డీ) మీద నట్, ఆ రెండింటి మధ్య గాడిలో దొర్లే స్టీలు బాల్స్ ఉంటాయి. నట్ పళ్లు సెక్టర్ షాఫ్ట్ పళ్లను తోస్తాయి, ఆ షాఫ్ట్ చివరే డ్రాప్ ఆర్మ్. ట్రాక్టర్ ఎక్కువసేపు తిన్నగా నడుస్తుంది కాబట్టి మధ్య పళ్లే ముందు అరుగుతాయి. చివరి పళ్లు కొత్తవాటిలాగే ఉంటాయి. పక్క స్క్రూ బిగిస్తే సెక్టర్ మొత్తం లోపలికి జరుగుతుంది. మధ్యలో ఆట పోయేలోపే చివరి పళ్లు పట్టేస్తాయి. మీకు జరిగింది ఇదే. ఆ స్క్రూ వెంటనే వదులు చేయండి. కట్ట మలుపులో స్టీరింగ్ పట్టేయడం ఆట కంటే ప్రమాదం.

విప్పి బాగుచేయవచ్చు, బాక్సు మొత్తం మార్చక్కర్లేదు. కాకపోతే కొన్ని పనులు దగ్గరుండి చూసుకోండి. ఆర్మ్ తీసేముందు షాఫ్ట్‌కూ ఆర్మ్‌కూ కలిపి పంచ్‌తో గుర్తు పెట్టించండి. పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి బేరింగులకు, బాల్స్ గాడికి తగులుతుంది. స్టీరింగ్ నడిమధ్యలో పెడితేనే సెక్టర్ షాఫ్ట్ సులువుగా బయటికొస్తుంది. వార్మ్, నట్ కలిపి తీశాక నట్‌ను షాఫ్ట్ చివరిదాకా దొర్లనివ్వకండి, బాల్స్ నడిచే చిన్న గొట్టాలు చెడిపోతాయి. పళ్లెంలో గుడ్డ పరిచి బాల్స్ లెక్కపెట్టండి. ప్రతి దశలో ఫోటో తీయండి.

వార్మ్ గాడిలో గోరుతో రాస్తే గుంటలు తగిలితే కొత్త బాల్స్ వేసినా లాభం లేదు, వార్మ్, నట్ కలిపి మార్చాలి. గాడి నున్నగా ఉంటే బాల్స్ అన్నీ ఒకే సైజులో ఒకేసారి మార్చండి. ఒక వర్క్‌షాపులో పోయిన ఒక్క బాల్‌కు బదులు కాస్త పెద్దది వేయడం చూశాను. బరువంతా ఆ ఒక్కదాని మీదే పడింది, నెల తిరగకుండా గాడి పాడైంది. సెక్టర్ షాఫ్ట్ బుష్‌లు అరిగితే లేత్ షాపులో గన్‌మెటల్‌తో చేయిస్తారు. మధ్య పళ్లు సన్నబడ్డ షాఫ్ట్‌ను మాత్రం మార్చండి, పళ్ల మీద వెల్డింగ్ నింపించవద్దు. ఆర్మ్ వదులైందని టాకా (చిన్న వెల్డింగ్ చుక్క) వేస్తామంటారు, అది అస్సలు ఒప్పుకోకండి. అక్కడ పగులొస్తే నడుస్తున్న బండికి స్టీరింగే లేనట్టు. ఆయిల్ సీల్ మీద లోపలి, బయటి కొలత, మందం మూడూ రాసి ఉంటాయి, ఫోటో తీసుకెళ్లి బేరింగుల షాపులో అడగండి.

బిగింపులో వరుస తప్పకూడదు. మొదట వార్మ్ బేరింగులు. షాఫ్ట్ పైకీ కిందికీ కదలకుండా, తిరగడానికి బరువు కాకుండా షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) సర్దాలి. సెక్టర్ నడిమి పన్ను నట్ నడిమి గాడిలో పడాలి. ఒక పన్ను తప్పితే బండి ఒకవైపు ఎక్కువ, రెండోవైపు తక్కువ తిరుగుతుంది. పక్క స్క్రూ బిగించడం అన్నిటికన్నా చివర్న, డ్రాగ్ లింక్ ఊడదీసి, స్టీరింగ్ మధ్యలో ఉన్నప్పుడే. మధ్యలో కాస్త బిగువు తెలియాలి, రెండు చివర్లకూ సులువుగా పోవాలి. తర్వాత స్క్రూ పట్టుకుని లాక్ నట్ బిగించాలి. లోపల గ్రీజు నింపేస్తారు కొందరు. అది పళ్ల దగ్గర్నుంచి పక్కకు జరిగి తిరిగి రాదు. కంపెనీ పుస్తకంలో చెప్పిన గేర్ ఆయిలే పోయండి, చాలా బాక్సులకు అది 90 నంబరు.

ప్రశ్న: మాదీ పాత ట్రాక్టరే, స్టీరింగ్ ఆడుతుంది. జీపీఎస్ ఆటో స్టీరింగ్ కిట్ పెడితే సాళ్లు తిన్నగా వస్తాయా? (గుంటూరు)

జవాబు: రావు. ఇలాంటి చాలా కిట్‌లలో మోటారు స్టీరింగ్ చక్రాన్నే తిప్పుతుంది. ఆట ఉన్నంతసేపు మోటారు తిప్పినా ముందు చక్రాలు కదలవు, ఆ తర్వాత ఒక్కసారిగా కదులుతాయి. కిట్ దాన్ని సరిచేయబోయి మళ్లీ అటు పోతుంది, సాలు పాములా వస్తుంది. ముందు బాక్సు, లింకులు బాగుచేయించండి. కిట్ ఆ తర్వాత కొనుక్కోవచ్చు.