బుజ్జీ, చోకెకిరావ్ వెళ్ళేముందు ఇది ఒకసారి చదువు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, పెరూ వెళ్తున్నావంట, మచు పిచ్చు ట్రైన్‌లో వెళ్ళి ఫోటోలు దిగి వచ్చేయడం నీకు ఇష్టం లేదంట, నడుచుకుంటూ వెళ్ళి చూసే, స్పానిష్ వాళ్ళు రాకముందు అక్కడ రాజ్యమేలిన ఇన్కాల ఊరు కావాలన్నావంట. ఎంత సంతోషం వేసిందో నాకు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే ఏదో ఒకటి మర్చిపోతా, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

అందరూ చెప్పే ఇన్కా ట్రెయిల్ మంచిదే, 43 కిలోమీటర్లు, నాలుగు రోజులు, చివర్లో సూర్యద్వారం దగ్గరికి చేరితే కింద మచు పిచ్చు కనిపిస్తుంది. కానీ రోజుకి 500 మందినే పంపిస్తారు, ఆ లెక్కలోనే మూటలు మోసేవాళ్ళు, వంటవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి పర్మిట్లు నెలల ముందే అయిపోతాయి, ఫిబ్రవరిలో దారి మొత్తం మూసేస్తారు. నా మాట విని నువ్వు చోకెకిరావ్ వెళ్ళు. అదీ ఇన్కాలు కొండ మీద కట్టిన ఊరే, ఇప్పటికీ అక్కడికి రోడ్డు లేదు, ట్రైన్ లేదు, రోప్‌వే వేస్తామని ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు, అది వచ్చేలోపే చూసెయ్యాలి. చాలా భాగం ఇప్పటికీ అడవి కిందే ఉంది. పొద్దున్నే వెళ్తే ఆ ఊరి మధ్య మైదానం అంతా నీకొక్కదానికే ఉన్నట్టుంటుంది.

ఇక అసలు విషయం. ఏజెన్సీ వాళ్ళు నాలుగు రోజుల ప్యాకేజీ అంటారు, నువ్వు ఐదు రోజులు అడుగు, డబ్బు కొంచెం ఎక్కువైనా సరే. నాలుగు రోజులైతే రెండు రోజులు వెళ్ళడానికి, రెండు రోజులు రావడానికి సరిపోతుంది, పైన చూడ్డానికి మిగిలేది ఒక్క పూట, అది కూడా కాళ్ళు పీకుతుంటే ఎక్కడో ఒక మెట్టు మీద కూలబడి చూడ్డమే. అంత దూరం వెళ్ళి అలా చూసి వస్తే నాకు మనసొప్పదు. ఐదైతే మూడో రోజంతా పైనే ఉండొచ్చు, మిగతా ఏర్పాట్లన్నీ ఆ ఒక్క రోజు కోసమే చేసుకో.

దారి ఎలా ఉంటుందంటే, నువ్వు విమానం దిగే కుస్కో నుంచి అబాంకాయ్ రోడ్డు మీద కారులో నాలుగు గంటలు, అక్కడ కచోరా అని చిన్న ఊరు (ఆ మలుపుకి దగ్గర్లోనే సాయ్‌విటె అని ఒక పెద్ద బండరాయి ఉంది, దాని మీద 200కి పైగా బొమ్మలు చెక్కి ఉంటాయి, మెట్లు, కాలువలు, జంతువులు, డ్రైవర్‌ని అడిగి ఆగు). కచోరా నుంచి కపులియోక్ అనే అంచుకి వెళ్తారు, సుమారు 2,900 మీటర్ల ఎత్తు. అక్కడ నుంచి దిగడమే దిగడం, కింద ఆపురిమాక్ నది దగ్గర 1,500 మీటర్లకి వస్తావు. వంతెన దాటి అవతల మళ్ళీ అంతా ఎక్కాలి, మరంపాత అనే చోటు మళ్ళీ 2,900, ఊరు 3,050 దాకా ఉంటుంది. వచ్చేటప్పుడు ఇదే దారి తిరగేసి. కచోరా నుంచి లెక్కేస్తే రానూపోనూ దాదాపు 60 కిలోమీటర్లు. దూరం చూసి భయపడకు, భయపడాల్సింది ఆ దిగుడుకే.

అందరూ ఎక్కడానికి ప్రాక్టీస్ చేస్తారు, మోకాళ్ళు పోయేది దిగేటప్పుడు. నువ్వు తిరుపతిలోనే ఉన్నావు కదా, ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది, అలిపిరి మెట్లు 3,550, మనవాళ్ళందరూ ఎక్కి దర్శనం చేసుకుని బస్సులో దిగిపోతారు, నువ్వు మాత్రం నడిచే దిగు, వీపు మీద బ్యాగులో నాలుగైదు కిలోలు వేసుకుని, అక్కడ వేసుకోబోయే బూట్లతోనే. వారానికోసారి చొప్పున రెండు మూడు నెలలు చెయ్యి. దిగేటప్పుడు బూటు ముందుభాగానికి కాలివేళ్ళు కొట్టుకుంటే ఆ సైజు వద్దు, ఇంకోటి కొను. రెండు చేతికర్రలు తప్పకుండా ఉండాలి, చివర రబ్బరు తొడుగు వేసి వాడు, పాత మెట్ల రాళ్ళు చెదరవు.

నెల అయితే మే నుంచి సెప్టెంబర్ లోపు, వానలు పెద్దగా ఉండవు. కుస్కో 3,400 మీటర్లు, దిగిన మొదటి రోజు తల బరువు, ఆయాసం మామూలే, అందుకే విమానం దిగగానే నేరుగా ఒయాంతయ్‌తాంబో వెళ్ళిపోయి అక్కడ రెండు రాత్రులు పడుకో, అది 2,800 మాత్రమే, చూడ్డానికి ఇన్కా కోట కూడా ఉంది. ఎత్తు పడనివాళ్ళు వేసుకునే డయమాక్స్ లాంటి మాత్ర డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకు, సల్ఫా మందులు పడనివాళ్ళకి మంచిది కాదు. కోకా ఆకు టీ అక్కడ అందరూ ఇస్తారు, తాగు, కానీ ఒక్క ఆకు కూడా బ్యాగులో పెట్టుకుని రాకు, మన దేశంలో అది నేరం.

లోయ అడుగున ఎండ మాత్రం మామూలుగా ఉండదు, చలిదేశం అనుకుని వెళ్తే కాక్టస్‌లు, దుమ్ము, వేడిగాలి. నది దగ్గర కంటికి సరిగ్గా ఆనని చిన్న దోమల్లాంటివి ఉంటాయి, కుట్టినచోటల్లా వారం రోజులు దురద, కాబట్టి నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, ఎంత ఉక్కపోసినా తియ్యకు. రెండో రోజు తెల్లారకముందే టార్చ్ పెట్టుకుని నది దాటెయ్, ఎండ ఎక్కేలోపు సగం కొండ అయిపోతుంది. ఒక ముఖ్యమైన సంగతి, దారిలో కంచరగాడిదలు ఎదురొస్తే ఎప్పుడూ కొండ వైపుకి ఒదిగి నిలబడు, లోయ వైపు నిలబడితే దాని మీది మూట తగిలి పడిపోతావు. వాటిని తోలేవాళ్ళని అర్రియెరో అంటారు, వాళ్ళని పేరు పెట్టి పలకరించు, తినేటప్పుడు వాళ్ళు తిన్నారో లేదో చూడు.

తిండికి ఇబ్బంది లేదు. మాంసం తినను అంటే సరిపోదు, కోడి ముక్కలు తీసేసి అదే సూప్ పోస్తారు, అందుకని "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" (మాంసం, కోడి, చేప వద్దు) అని మూడూ చెప్పు. కీన్వా అనే అక్కడి గింజలు, మొక్కజొన్న, రకరకాల బంగాళాదుంపలు పెడతారు. మనం రోజూ తినే బంగాళాదుంప ఆ కొండల్లోనే పుట్టింది, మిర్చి, మన అనంతపురం వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, ఆ పొలాల పక్కన నడుస్తుంటే వాటిని పండించినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఆ మూడో రోజు. మచు పిచ్చులో చూసే నున్నటి రాతి గోడలు ఇక్కడ ఆశించకు, ఇక్కడి రాయి పొరలు పొరలుగా ఊడే రకం, అంత నాజూగ్గా చెక్కడం కుదరదు, అందుకే మట్టి పెట్టి పేర్చి పైన పూత పూశారు. ఉన్న రాయితో ఏం చెయ్యొచ్చో అది చేశారు చూడు, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. ముందు మైదానం, దాని పక్కన చదును చేసిన కొండ నెత్తి చూసి, తర్వాత అవతలి వాలు కిందకి దిగు. చాలామంది ఇక్కడికి రారు, మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి కాబట్టి. ఆ మడిగట్ల గోడల్లో నల్లటి రాళ్ళ మధ్య తెల్లరాళ్ళు పొదిగి లామాల బొమ్మలు వేశారు, పెద్దవీ పిల్లవీ వరుసగా నడుస్తున్నట్టు. ఈమధ్య దాకా అడవి కింద ఉండి బయటపడ్డాయి. ఇన్కాల కట్టడాల్లో ఇలాంటివి ఇంకెక్కడా నేను చూడలేదు. అక్కడ ఒక గంటైనా కూర్చో, మళ్ళీ పైకి ఎక్కడానికి ఇంకో గంట ఉంచుకో.

ఇంకోటి. మచు పిచ్చుని లోకానికి తెలిసేలా చేసిన అమెరికా అతను హైరమ్ బింగం అక్కడికి వెళ్ళింది 1911లో, అంతకు రెండేళ్ళ ముందు 1909లో చోకెకిరావ్‌కే వచ్చాడు, అప్పటికే ఇక్కడ రాళ్ళ మీద 1834 నాటి వాళ్ళ పేర్లు గీసి ఉన్నాయి. అంతకు ముందు సంగతి, 1536లో ఇన్కాల రాజు మాంకో ఇన్కా స్పానిష్ వాళ్ళ మీద తిరగబడి, కుస్కో దక్కక ఈ కొండల వైపే వెనక్కి తగ్గాడు, ఆ వంశంలో చివరి రాజు తుపాక్ అమారూని 1572లో కుస్కో నడిబొడ్డున చంపారు. అంత జరిగిన నేల అది. గోడలెక్కి కూర్చోవడం, పేరు గీకడం, రాయి తెచ్చుకోవడం ఏదీ చెయ్యకు, పక్కవాళ్ళు చేస్తుంటే మొహమాటపడకుండా వద్దని చెప్పు.

డబ్బు సోల్స్‌లో (పెరూ డబ్బు) చిన్న నోట్లు పెట్టుకో, దారిలో ఉండే కుటుంబాల దగ్గర కార్డు నడవదు, నీళ్ళూ బిస్కెట్లూ రేటు ఎక్కువ చెప్పినా బేరమాడకు, అన్నీ కంచరగాడిద మీద మోసుకొచ్చినవే. చివరి రోజు అర్రియెరోకి, వంటాయనకి టిప్ వాళ్ళ చేతికే ఇవ్వు, ఏజెన్సీ ద్వారా పంపకు. పెరూలో ధర్నాలకి రోడ్లు మూసేయడం తరచూ జరుగుతుంది, అందుకే కుస్కో తిరిగొచ్చాక ఫ్లైట్‌కి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచు. నీకు అమెరికా వీసా ఉంది కదా, దాని మీద పెరూకి విడిగా వీసా అక్కర్లేకపోవచ్చు, అయినా ఢిల్లీలో వాళ్ళ ఎంబసీ రూల్స్ చూసుకున్నాకే టికెట్ తీసుకో.

ముందు బూట్లు కొను. వచ్చే ఆదివారం అలిపిరి దగ్గర పొద్దున్నే ఐదింటికి ఉండు, నేనూ వస్తా, నువ్వు దిగే తీరు చూడాలి.

మీ పెద్దమ్మ