ఎలుగుబంట్ల గురించి ఊళ్లో చెప్పడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోట ఉంది. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతోంది. ఎలుగుబంట్లు, పాముల గురించి ఊళ్లలో జనానికి చెప్పే పని చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే వినడం లేదు. అసలు ఇది ఉద్యోగమేనా? జీతం ఇస్తారా? ఆడపిల్ల అడవుల వెంట తిరగడమంటే నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, పలాస

జవాబు: అమ్మా, ఇది ఉద్యోగమే. కాకపోతే ఈ పేరుతో నోటిఫికేషన్ పడదు. ప్రాజెక్ట్ అసోసియేట్, ఫీల్డ్ కోఆర్డినేటర్, ఎడ్యుకేషన్ ఆఫీసర్ లాంటి పేర్లతో స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన సంస్థల్లో, పెద్ద జూపార్కుల్లో ఉంటుంది. చాలావరకు కాంట్రాక్టు పనే. ఏడాదికో రెండేళ్లకో ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. పీజీ చేసి, జాతీయ అర్హత పరీక్ష నెట్ పాసై పరిశోధన ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)గా చేరితే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఉత్త డిగ్రీతో చిన్న సంస్థలో చేరితే అందులో సగం చేతికొచ్చినా సంతోషించాలి. ఇంటికి ఆమె సంపాదనే ఆధారమయ్యే పరిస్థితి ఉంటే ఈ లెక్క ఇప్పుడే ఆమె ముందు పెట్టండి.

జీతం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ పనికి జంతువుల మీద ప్రేమ ఉంటే చాలనుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. వచ్చాక తెలుస్తుంది, పనంతా మనుషులతోనేనని. అదీ నష్టపోయి, కోపంగా ఉన్న మనుషులతో. మీ ప్రాంతం సంగతే చూడండి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. అలాంటి చోటికి వెళ్లి "వన్యప్రాణులను కాపాడుకుందాం" అని బ్యానర్ కడితే ఎవరు వింటారు? "ముందు మా తోట ఎవరు కాస్తారో చెప్పమ్మా" అంటారు. అన్నందుకు వాళ్లను తప్పుపట్టలేం.

అక్కడ నిలబడి మాట్లాడాలంటే రెండు విషయాలు చేతిలో ఉండాలి. ఒకటి, పరిహారం సంగతి. వన్యప్రాణి దాడిలో మనిషి చనిపోతే కేంద్ర పథకం కింద ఇచ్చే మొత్తాన్ని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆ దరఖాస్తు ఎవరికివ్వాలి, ఏయే కాగితాలు కావాలి, అటవీశాఖ రేంజ్ ఆఫీసులో ఎవరిని కలవాలి అన్నది తెలిసిన పిల్లకు ఊళ్లో కుర్చీ వేస్తారు. ఇవేమీ తెలియకుండా ఎలుగు శాస్త్రీయనామం చెప్పే పిల్లకు నమస్కారం పెట్టి పంపేస్తారు.

రెండోది, ఆ జంతువు నిజంగా ఏం చేస్తుందో తెలియడం. ఎలుగు మనిషిని వేటాడదు. చెదపుట్ట తవ్వి అందులో మూతి పెట్టి పురుగుల్ని పీల్చుకుంటున్నప్పుడు పక్కన మనిషి అలికిడి దానికి వెంటనే తెలియదు. హఠాత్తుగా దగ్గరలో ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. పిల్లలున్న తల్లి ఎలుగయితే మరీను. జీడిపళ్లు రాలే రోజుల్లో తెల్లవారకముందే గింజలు ఏరడానికి ఒంటరిగా, చప్పుడు లేకుండా తోటలోకి వెళ్లే ఆడవాళ్లకే కదా ఆ ముప్పు ఎక్కువ. వాళ్లకు చెప్పాల్సినవి చిన్న విషయాలే. బాగా తెల్లారాక వెళ్లండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. కానీ ఎండ ముదిరేలోపు గింజలు ఏరుకోవాలన్న వాళ్ల తొందరను లెక్కలోకి తీసుకోకపోతే ఈ సలహా కరపత్రం మీదే ఉండిపోతుంది. ఇరుగుపొరుగు తోటలవాళ్లు వంతులు వేసుకుని కలిసి ఏరుకునేలా ఒప్పించడం, అదీ అసలు పని. రచ్చబండ దగ్గర మీటింగుకు వచ్చేది మగవాళ్లు, తోటలోకి వెళ్లేది ఆడవాళ్లు. అందుకే ఈ రంగంలో ఆడపిల్లల అవసరం ఎక్కువ.

పాముల విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. రీల్స్ చూసి పాములు పట్టడమే ఈ పని అనుకుంటున్నారు కుర్రాళ్లు. మీ అమ్మాయికి కూడా ఆ ఆలోచన ఉంటే ఆపండి. శిక్షణ, అటవీశాఖ అనుమతి లేకుండా పట్టడం నేరం, పైగా ప్రాణాంతకం. చెప్పే పనిలో మాత్రం ఎంత చేసినా తరగదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కట్లపామునే తీసుకోండి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కడుపునొప్పి అని లేస్తారు, అజీర్తి అనుకుని సోడా తాగుతారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. మంచమో, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరో ఉంటే చాలావరకు తప్పిపోయే చావు అది. కాటు పడ్డాక గట్టిగా తాడు కట్టకుండా, కోయకుండా, మంత్రగాడి దగ్గర పొద్దు పోగొట్టకుండా, కాలూ చెయ్యీ కదపనివ్వకుండా 108 పిలిచి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. ఇది ఇంటింటికీ ఎక్కాలంటే ఒక్క ఉపన్యాసం సరిపోదు, ఏటా వానలకు ముందు మళ్లీ మళ్లీ చెప్పాలి. జెర్రిపోతును నాగుపాముకు మొగుడని చంపేసే ఊళ్లలో, అది ఎలుకల్ని తినే రైతు నేస్తమని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

చెప్పడమంటే ఎప్పుడూ మైకు పట్టుకోవడమే కాదు. తమిళనాడులోని వాల్పారై తేయాకు తోటల్లో చాలా మరణాలు దగ్గర్లో ఏనుగు ఉందని తెలియకపోవడం వల్లే జరిగేవి. మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు అక్కడ ఏనుగులున్న చోటు గురించి ఫోన్లకు మెసేజీలు, లోకల్ టీవీలో స్క్రోలింగ్, దూరానికి కనిపించే ఎర్రలైట్లు ఏర్పాటు చేశారు. ఆ లైట్లను వెలిగించేది స్థానికులే. చదువుకున్న అమ్మాయి ఉద్దానంలో వాట్సాప్ గ్రూపుతో ఇలాంటిది మొదలుపెట్టలేదా?

ఇక చదువు. బీఈడీకీ ఆమె కోరికకూ గొడవ ఉందని మీరిద్దరూ అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ఎడ్‌సెట్ రాసి బయలాజికల్ సైన్స్ మెథడాలజీతో బీఈడీ చేస్తే పిల్లలకు ఎలా చెప్పాలో ఒక క్రమంలో నేర్చుకుంటుంది. డీఎస్సీలో ఉద్యోగం వస్తే బడిలో ఎకో క్లబ్ నడపవచ్చు, ఊళ్లో టీచరమ్మ మాటకు విలువా ఉంటుంది. నన్నడిగితే మీ ఇంటి పరిస్థితికి ఇదే మొదటి దారి. పూర్తిగా ఈ రంగంలోకే వెళ్తానంటే వైల్డ్‌లైఫ్‌లో ఎమ్మెస్సీ చేయాలి. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) పేరున్నవి. సీట్లు బాగా తక్కువ, ప్రవేశపరీక్ష కష్టం, నోటిఫికేషన్ ఏటా వస్తుందని అనుకోవద్దు. ఊటీ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో, మయిలాడుదురై ఏవీసీ కాలేజీలో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది, అటు కూడా చూడండి. మూడో దారి ఎవరూ పట్టించుకోరు: ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. ఈ పనికి జువాలజీ గోల్డ్ మెడలిస్టు కన్నా, ఊళ్లో పది మందిని కూర్చోబెట్టి మాట్లాడించగలిగే ఎమ్మెస్‌డబ్ల్యూ పిల్లే బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. అటవీశాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం కూడా ఉంది. దాని ఎంపికలో నాలుగు గంటల్లో ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. నడక సాధన ఇప్పుడే మొదలుపెడితే నష్టం లేదు.

ఇవన్నీ తర్వాత. ముందు ఈ సెలవుల్లో ఆమెను టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి పంపండి. పక్షులను చూడటానికి మాత్రమే కాదు. ఇంటి చెట్ల మీద కొంగలు గూళ్లు కట్టి రెట్టలు వేస్తుంటే, చేపల కంపు వస్తుంటే ఆ ఊరివాళ్లు ఎందుకు ఓర్చుకుంటున్నారో అడిగి రాసుకోమనండి. ఆ తర్వాత మీ ఊళ్లోనే ఎలుగు ఎప్పుడు, ఏ తోటలోకి, ఏం తినడానికి వచ్చిందో ఒక నోటుబుక్కులో రాయమనండి. ఏడాది పాటు రాసిన అలాంటి పుస్తకం ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా బాగా మాట్లాడుతుంది. నాలుగు నెలలకే విసుగొస్తే అదీ మంచిదే, డబ్బు ఖర్చు కాకుండా తేలిపోతుంది.

మీ టెన్షన్ గురించి. ఇందులో ఒంటరిగా అడవిలో తిరిగే రోజులు తక్కువ. ఎక్కువ సమయం ఊళ్లలో, బడుల్లో, రిపోర్టులు రాస్తూ ఆఫీసులో గడుస్తుంది. అయినా ఏ సంస్థలోనైనా చేర్చేముందు మీరే ఫోన్ చేసి అడగండి: బస ఎక్కడ, ఫీల్డుకు జంటగా పంపుతారా, ప్రమాద బీమా ఉందా, అపాయింట్‌మెంట్ లెటర్ రాతపూర్వకంగా ఇస్తారా. "సేవాభావం ఉంటే చాలు, జీతం సంగతి తర్వాత చూద్దాం" అనే చోటికి మాత్రం పంపొద్దు.