సమాధానం: క్యాలిబ్రేషన్ బాగుంది, కానీ చూపు కింది వరుసలో పడుతోంది

ఐ ట్రాకర్‌తో (కళ్లు తెరమీద ఎక్కడ చూస్తున్నాయో నమోదు చేసే పరికరం) తెలుగు పాఠం చదివిస్తుంటే, క్యాలిబ్రేషన్ (తెరమీది చుక్కలు చూపించి ట్రాకర్‌ను ఆ మనిషి కళ్లకు సరిచేయడం) బాగున్నా, పది నిమిషాలయ్యాక చూపు బిందువులన్నీ ఒక వరుస కిందికి జారుతున్నాయన్నారు. అన్నీ ఒకేవైపు జరిగాయంటే అది డ్రిఫ్ట్, అంటే కొలత మెల్లగా పక్కకు జరిగిపోవడం. డేటాలో కుదుపులు తగ్గించే ఫిల్టర్లు మార్చి లాభం లేదు.

ముందు లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల దూరంలో చూపు కోణం 1 డిగ్రీ మారడమంటే తెరమీద సుమారు 1.05 సెంటీమీటర్లు, మీ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌పై దాదాపు 38 పిక్సెళ్లు. మీ వరుసల దూరం 40 పిక్సెళ్లే! అంటే ఒక్క డిగ్రీ తప్పినా చూపు దాదాపు పక్క వరుసలో పడుతుంది. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి 90 పిక్సెళ్లయినా పెట్టండి.

ఇక డ్రిఫ్ట్ ఎందుకంటే, చదువుతూ చదువుతూ మనిషి కుర్చీలో కిందికి జారతాడు. గడ్డం ఆనించుకునే స్టాండ్ పెట్టండి, చక్రాల కుర్చీ తీసేయండి. క్యాలిబ్రేషన్ నల్ల తెరపై, పాఠం తెల్ల తెరపై అన్నారు కదా, అదీ తప్పే. వెలుతురు మారితే కనుపాప సైజుతోపాటు దాని కేంద్రమూ కాస్త జరుగుతుంది. రెండింటికీ ఒకే లేత బూడిద రంగు వాడండి.

9 బిందువుల క్యాలిబ్రేషన్ తర్వాత వాలిడేషన్‌లో (క్యాలిబ్రేషన్ ఎంత సరిగా వచ్చిందో చూసే పరీక్ష) సగటు తప్పు 0.5 డిగ్రీ దాటితే మళ్లీ చేయండి. ప్రతి పేరాకు ముందు ఒక చుక్క చూపించి డ్రిఫ్ట్ సరిచూడండి.

అన్నట్టు, కాటుక పెట్టుకోకుండా రమ్మని ముందే చెప్పండి. ఆ నలుపునే కొన్నిసార్లు ట్రాకర్ కనుపాప అనుకుంటుంది.