పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: లేపాక్షి బొమ్మల్లో సైన్సు, చరిత్ర

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలకు ఇటీవల అనేక దేశాలు తిరిగిన ఒక అతిథి ఉపన్యాసకులు వచ్చారు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు బొమ్మలతో మొదలుపెట్టి, వాటి రంగుల రసాయనం, ఇటలీ కుడ్యచిత్రాలు, విజయనగర కాలపు వేషధారణ, అన్నీ ఒక్క గంటలో చెప్పారు. పిల్లలు ఎంతో సంతోషించారు. మా సీనియర్ అధ్యాపకులు కొందరు మాత్రం ఇది అటు సైన్సూ కాదు, ఇటు చరిత్రా కాదు, కాలక్షేపమన్నారు. ఇలాంటివారిని మళ్లీ పిలవడం మంచిదేనా?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

సమాధానం: తప్పకుండా పిలవండి. అయితే మీ సీనియర్ల అనుమానాన్ని కొట్టిపారేయకండి. మూడు శాస్త్రాలను పక్కపక్కన పేర్చి చెప్పే ఉపన్యాసం విన్నంతసేపు బాగానే ఉంటుంది కానీ ఇల్లు చేరేసరికి ఏమీ మిగలదు. ఒక శాస్త్రం లేవనెత్తిన ప్రశ్నకు మరో శాస్త్రం జవాబు చెప్పేలా నడిచే ఉపన్యాసం విన్న విద్యార్థి మాత్రం అదే గుడికి మళ్లీ వెళ్లినప్పుడు కొత్తగా చూస్తాడు. ఈ తేడా తెలియాలంటే మీ అతిథి ఎంచుకున్న లేపాక్షి పైకప్పునే తీసుకుందాం.

అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ ఆలయంలో తలెత్తి చూస్తే కిరాతార్జునీయం, శివపార్వతుల పాచికలాట, వటపత్రశాయి పొడవైన పట్టీలుగా సాగుతూ కనిపిస్తాయి. అంత కథ ఉన్నా కంటికి ప్రధానంగా కనబడేవి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు వంటి కొద్దిపాటి రంగులే. ఎందుకని? చిత్రకారుల అభిరుచి అని కళాభిమాని చెప్పవచ్చు. సున్నపు పూతను అడగమని రసాయన శాస్త్రజ్ఞుడు చెబుతాడు. సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి ఆకుల నుంచి, పూల నుంచి తీసిన రంగుల్లో చాలావరకు దాని మీద నిలవవు. ఇనుము ఉన్న మట్టి రంగులు శతాబ్దాల పాటు నిలుస్తాయి. పసుపు మట్టిని కాలిస్తే అందులోని నీటి అంశం పోయి ఎర్రబడుతుంది. మీ రసాయన శాస్త్ర ప్రయోగశాలలో ఒక మూకుడు, ఒక బర్నరు చాలు, ఈ మార్పు పిల్లల కళ్లముందే జరుగుతుంది.

ఇక్కడే దేశాలు తిరిగిన మనిషి అవసరం పడుతుంది. ఇటలీ చిత్రకారులు తడి ఆరని సున్నపు పూత మీదే రంగు వేసేవారు. పూత ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడేటప్పుడు రంగు అందులోనే బందీ అవుతుంది. అందుకే ఏ రోజుకు సరిపడా పూత ఆ రోజే వేసుకునేవారు. పక్క నుంచి వెలుతురు పడితే ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య అతుకు కనిపిస్తుంది. 1508–1512 మధ్య మైకెలాంజెలో చిత్రించిన సిస్టైన్ ప్రార్థనామందిరం పైకప్పులోనూ ఈ అతుకులున్నాయి. మన దేశపు పాత గోడల మీద ఎక్కువగా ఆరిన పూత మీద, బంక కలిపిన రంగులతో వేశారని పరిశోధకులు చెబుతారు. ఆ రంగు పైపొరగానే ఉంటుంది కనుక కప్పురాళ్ల సందుల్లోంచి వాననీరు దిగితే పొరలుగా ఊడిపోతుంది. రెండు పద్ధతుల గోడలనూ దగ్గరగా చూసినవారికే లేపాక్షిలో అతుకుల కోసం వెతకాలనీ, రంగు ఎక్కడ రాలిందో, నీరు ఎటునుంచి వచ్చిందో గమనించాలనీ తోస్తుంది.

వేషధారణ సంగతీ అంతే. ఆ బొమ్మల్లోని పురుషుల తలల మీద పొడవైన కుళ్లాయిలు చూడండి. తిరుమలలోని కృష్ణదేవరాయల లోహవిగ్రహం తల మీదా అటువంటిదే ఉంది. ఇస్లామీయ రాజ్యాల దర్బారు ఉడుపు విజయనగరానికి ఎలా చేరిందో చెప్పే సాక్ష్యం అది. శాసనాలు చదివినవారు చాలామంది ఆ సాక్ష్యం కోసం తల పైకెత్తరు.

నాకు నచ్చనిది ఒకటుంది. లేపాక్షిలోనే నేలకు పూర్తిగా ఆనని ‘వేలాడే స్తంభం’ కింద గుడ్డ దూర్చి చూపించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయే ఉపన్యాసాలు మన పిల్లలకు అన్యాయం చేస్తున్నాయి. మీ అతిథిని ఈసారి రెండు రోజులు ఉండమని అడగండి. రెండో రోజు ఆలయంలోనే, మీ రసాయన, చరిత్ర, తెలుగు అధ్యాపకుల సమక్షంలో ఒక్క పట్టీ మీదే మాట్లాడమనండి. అభ్యంతరం చెప్పిన సీనియర్లనే ముందు వరుసలో కూర్చోబెట్టి వారినే ప్రశ్నలు అడగమనండి. నిజమైన విద్వాంసుడు దానికి సంతోషిస్తాడు.

ప్రశ్న: నేను బి.ఎస్సీ. భూగర్భ శాస్త్రం చదువుతున్నాను. చరిత్ర అంటే ప్రాణం. రెండింటిలో ఒకటి వదులుకోవాలా?
– ఒక విద్యార్థి, కడప

సమాధానం: వదులుకోవద్దు. మీ జిల్లా పేరుతోనే ప్రపంచ భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించే శిలాసమూహం మీ కాళ్ల కింద ఉంది. విలియం కింగ్ దాని మీద 1872లోనే పెద్ద నివేదిక రాశారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఉద్యోగం భూగర్భ సర్వేలో. రాళ్లు చూస్తూ తిరిగిన ఆయనకే 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలి దొరికి, భారతదేశపు ఆదిమానవుడి చరిత్రకు దారి తెరుచుకుంది. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలను 1884లో ఆయనా, ఆయన కుమారుడూ తవ్వించారు. గుత్తికి దగ్గరలోని ఎర్రగుడి అశోకుడి శాసనాలను లోకానికి చూపినవారు కూడా భూగర్భ శాస్త్రజ్ఞుడే, అనూ ఘోష్.

ముందు ఎర్రగుడి వెళ్లండి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. బ్రాహ్మి అక్షరాల పట్టిక ఒకటి వెంట తీసుకెళ్లి, ఏ పంక్తి ఎటు నడిచిందో నోటుపుస్తకంలో గీసుకోండి. అదే పేజీలో ఆ బండ ఏ జాతి రాయో, దాని మీద పగుళ్లు ఎటు పోతున్నాయో, పగులు వచ్చినచోట చెక్కినవాడు అక్షరాన్ని పక్కకు జరిపాడా లేదా అన్నదీ రాసుకోండి.