ఎరుపు ఎన్నో నిమిషానికి వచ్చింది?

ప్రశ్న: మాస్టారూ, బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. మొన్న ప్రాక్టికల్స్‌లో ఏదో చక్కెర ద్రావణం ఇచ్చి కనుక్కోమన్నారు. బెనెడిక్ట్ పరీక్షలో ఇటుక రంగు వచ్చింది, సెలివనాఫ్ పరీక్షలో ఎర్రబడింది. ఫ్రక్టోజ్ అని రాశాను. తీరా అది గ్లూకోజట! ఎక్కడ తప్పాను? అసలు ఆల్డిహైడ్ లేని ఫ్రక్టోజ్ బెనెడిక్ట్‌కి ఎలా లొంగుతుంది?
- ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: అన్నీ రాశావు గానీ అమ్మా, సెలివనాఫ్ ట్యూబు వాటర్‌బాత్‌లో ఎంతసేపుందో రాయలేదు. తప్పు అక్కడే ఉండి ఉంటుంది.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. డిగ్రీలో ఉండగా ట్యూబు మరిగే నీళ్ళలో పెట్టి, పక్క బెంచీవాడి బ్యూరెట్ కారుతోందంటే చూడబోయాను. వచ్చేసరికి నా ట్యూబు ఎర్రగా ఉంది. సంబరంగా ఫ్రక్టోజ్ అని రాసేశాను. వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "ఎన్నో నిమిషానికి వచ్చిందయ్యా ఈ ఎరుపు?" నోరు పెగల్లేదు.

సెలివనాఫ్‌లో ఉన్నది రిసార్సినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. వేడి ఆమ్లం చక్కెరలోంచి నీటిని లాగేస్తే మిగిలే పదార్థం రిసార్సినాల్‌తో కలిసి ఎర్రబడుతుంది. ఫ్రక్టోజ్ లాంటి కీటోజ్‌కు, అంటే ఆల్డిహైడ్ బదులు కీటోన్ ఉన్న చక్కెరకు, ఇది ఒకటి రెండు నిమిషాల పని. గ్లూకోజ్ మెల్లగా కదులుతుంది, కానీ ఎక్కువసేపు మరిగిస్తే అదీ ఎర్రబడుతుంది. పంచదార ఇచ్చారనుకో, ఆమ్లం దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది కనుక మళ్ళీ ఎరుపే. అయితే బెనెడిక్ట్‌లో పంచదార నీలంగానే ఉండిపోయి దొరికిపోతుంది.

ఇక ఫ్రక్టోజ్ సంగతి. బెనెడిక్ట్‌లో సోడియం కార్బొనేట్ ఉంటుంది. ఆ క్షారంలో ఫ్రక్టోజ్ అణువు లోలోపల సర్దుకుని కొంత గ్లూకోజ్‌గా, కొంత మానోజ్‌గా మారుతుంది. ఆ రెండింటికీ ఆల్డిహైడ్ ఉంది. అందుకే కాపర్ అయాన్లు క్షయకరణం చెంది ఇటుక రంగు క్యూప్రస్ ఆక్సైడ్‌గా అడుగుకు చేరతాయి. చక్కెర తక్కువుంటే పచ్చగానో పసుపుగానో ఆగిపోతుంది, అదీ ఫలితమే.

కాపర్‌తోనే చేసే బార్ఫోడ్ పరీక్షలోనూ నిమిషాలే ముఖ్యం. అది ఆమ్ల ద్రావణం గనుక గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండు మూడు నిమిషాల్లో ఎర్రటి అవక్షేపం ఇస్తాయి, లాక్టోజ్, మాల్టోజ్ చాలా ఆలస్యం చేస్తాయి. అవక్షేపం అడుగున పిసరంతే ఉంటుంది, ట్యూబు వెలుతురుకు ఎత్తి చూడు.

నీ స్నేహితురాళ్ళెవరైనా ఓసజోన్ (ఫినైల్ హైడ్రజిన్‌తో చక్కెర స్ఫటికాలు చేసి చూసే పరీక్ష) చెయ్యమంటారేమో, ఈ గొడవకు అది పనికిరాదు. గ్లూకోజ్‌కీ ఫ్రక్టోజ్‌కీ తేడా మొదటి రెండు కార్బన్ల దగ్గరే. ఫినైల్ హైడ్రజిన్ పట్టుకునేదీ ఆ రెండింటినే. కాబట్టి మైక్రోస్కోపు కింద రెంటికీ ఒకేలాంటి సూదుల కట్టలే కనిపిస్తాయి. మాల్టోజ్ పొద్దుతిరుగుడు రేకుల్లా, లాక్టోజ్ దూదిపింజెలా ఉంటుంది, వాటిని పోల్చుకోవడానికైతే బాగుంటుంది.

ఈసారి మూడు ట్యూబులు తీసుకో. ఒకదాంట్లో తెలిసిన గ్లూకోజ్, ఇంకోదాంట్లో తెలిసిన ఫ్రక్టోజ్, మూడోదాంట్లో నీకిచ్చింది. మూడింటినీ ఒకేసారి నీళ్ళలో దించి, ఫ్రక్టోజ్ ఎర్రబడగానే మూడూ బయటికి తియ్యి. అప్పటికి నీది ఎర్రబడకపోతే ఫ్రక్టోజ్ కాదని రాసెయ్.