పాత కంప్యూటర్ల డ్రైవులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ల్యాబులో ఒక పీసీ-ఎక్స్‌టీ (ఐబీఎం పాత కంప్యూటర్) ఉంది. అందులో సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్ డిస్కు. ఒక రోజు బూట్ అవుతుంది, ఇంకో రోజు 1701 అని (హార్డ్ డిస్కు లోపం) చూపించి ఆగిపోతుంది. ఆ డిస్కును తీసేసి, దాని బదులు నా దగ్గరున్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టొచ్చా?
– ఒక అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: ఈ పనికి రాస్ప్‌బెర్రీ పై సరిపోదండీ. బీగల్‌బోన్ బ్లాక్ అనే మరో చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద కూర్చునే డేవిడ్ గెస్వైన్ ఎంఎఫ్‌ఎం ఎమ్యులేటర్ బోర్డు (పాత డిస్కులా నటించేది) కావాలి. ఎందుకో తెలిస్తే తర్వాత వచ్చే తిప్పలు సగం అర్థమవుతాయి.

ఎంఎఫ్‌ఎం (మీ ఎస్‌టీ-225 వాడే రాత పద్ధతి) డ్రైవులో పళ్లెం నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంది. దాని మీది నుంచి సెకనుకు 50 లక్షల బిట్లు కంట్రోలర్ కార్డుకు వెళ్తూనే ఉంటాయి. ఒక్కో బిట్టుకు దక్కే సమయం 200 నానోసెకన్లు. ట్రాకు చదువుతుండగా మధ్యలో "కాస్త ఆగు" అని చెప్పే ఏర్పాటు ఆ కేబుల్లో లేదు. రాస్ప్‌బెర్రీ పైని నడిపే లినక్స్ ఏ క్షణాన ఏ పని మీదికి వెళ్తుందో చెప్పలేం కాబట్టి ఈ లెక్క దానికి అందదు. బీగల్‌బోన్‌లో ప్రధాన ప్రాసెసర్ పక్కనే పీఆర్‌యూ అనే చిన్న ప్రాసెసర్లు రెండున్నాయి. వీటి వేగం 200 మెగాహెర్ట్జ్, జోలికి లినక్స్ రాదు. ఒక్కో ఆదేశానికి 5 నానోసెకన్లు, అంటే బిట్టుకు 40 ఆదేశాల వెసులుబాటు. ఆ పని నడిచేది దీనివల్లే.

బోర్డు చేతికి రాగానే ఎమ్యులేషన్‌కు దిగకండి. ముందు పాత డ్రైవును అదే బోర్డుతో చదివి ఇమేజి (డిస్కు మొత్తానికి నకలు ఫైలు) తీసుకోండి. అంతవరకు ఎక్స్‌టీలో పెట్టి మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం మానేయండి. ఎస్‌టీ-225 ఆపినప్పుడు తనంతట తాను హెడ్లను (చదివే, రాసే మొనలను) పక్కకు పార్క్ చేసుకోదు. అవి డేటా ఉన్న చోటే వాలతాయి.

చదివేటప్పుడు డ్రైవుకు పీసీ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు పెట్టె) నుంచే కరెంటు ఇవ్వండి. మోటారు లేచేటప్పుడు 12 వోల్టుల మీద 2 ఆంపియర్లకు పైనే లాగుతుంది, చిన్న అడాప్టర్ తట్టుకోదు. అరగంట తిరగనిచ్చాకే చదవడం మొదలుపెట్టండి. ఇది హెడ్లను లెక్కపెట్టిన అడుగుల్లో జరిపే స్టెప్పర్ మోటారు డ్రైవు. హెడ్ ట్రాకు మీద సరిగ్గా ఉందో లేదో చూసుకునే సర్వో దీనికి లేదు. లోహం వేడికి సాగితే హెడ్ ఆ మేరకు పక్కకు జరుగుతుంది. మన కర్నూలు మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో చదివితే, ఎప్పుడో చల్లని గదిలో రాసిన సెక్టార్లలో తప్పులు వచ్చిపడతాయి. తెల్లవారుజామున ఒకసారి చదివి, పొద్దెక్కాక ఇంకోసారి చదివి, చెడ్డ సెక్టార్లు తక్కువున్న ఇమేజిని అసలుదిగా దాచుకోండి. టకటకమని హెడ్ కొట్టుకునే శబ్దం వస్తే వెంటనే ఆపేయండి.

ఎస్‌టీ-225కి 615 సిలిండర్లు, 4 హెడ్లు, ట్రాకుకు 17 సెక్టార్లు. సెక్టారుకు 512 బైట్ల చొప్పున 2,14,11,840 బైట్లు. ఎమ్యులేషన్ ఫైలు మాత్రం 50 ఎంబీ దాటుతుంది. అందులో డేటాతో పాటు క్లాక్ బిట్లు, సెక్టార్ల హెడర్లు, మధ్య ఖాళీలు అన్నీ ఉన్నవున్నట్టు ఉంటాయి. ఏ కంట్రోలర్ ఏ పద్ధతిలో ఫార్మాట్ చేసినా ఇమేజి అదే కార్డుతో పనిచేసేది ఇందుకే. కార్డు మారిస్తే మాత్రం లో-లెవెల్ ఫార్మాట్ మళ్లీ చేయాలి, అంటే డేటా పోతుంది. కార్డును, ఇమేజిని జంటగా ఉంచండి.

ఎమ్యులేటర్ బిగించాక ఎక్కువమంది చిక్కుకునేది కేబుల్ దగ్గర. ఫ్లాపీ కేబుల్, హార్డ్ డిస్కు కేబుల్ రెండూ 34 తీగలవే, రెండింటికీ మెలిక ఉంటుంది. ఫ్లాపీ మెలిక 10 నుంచి 16 తీగల మధ్య, హార్డ్ డిస్కు మెలిక 25 నుంచి 29 మధ్య. ఒకటి బదులు ఇంకోటి తగిలిస్తే డ్రైవు అసలు సెలెక్ట్ కాదు. టర్మినేటర్ (సంకేతాలు వెనక్కి కొట్టకుండా ఆపే రెసిస్టర్లు) కేబుల్ చివర ఒక్కచోటే ఉండాలి.

1701 ఎమ్యులేటర్‌తోనూ రావచ్చు. బీగల్‌బోన్‌లో లినక్స్ లేచి ఎమ్యులేటర్ ప్రోగ్రాం మొదలయ్యేలోపే ఎక్స్‌టీ డిస్కును వెతికేస్తుంది. బోర్డు పూర్తిగా లేచాక కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొట్టండి, చాలు.

వేగం పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి. హెడ్ జరిగే సమయం తగ్గుతుందే కానీ ట్రాకు పాత వేగంతోనే "తిరుగుతుంది", కాబట్టి ఇంటర్‌లీవ్ (వరుస సెక్టార్ల మధ్య వదిలే ఎడం) ఎంతున్నా దాని ప్రభావం అలాగే ఉంటుంది. కరెంటు పోతే భయం లేదు. బోర్డు మీది పెద్ద కెపాసిటర్లు, రాయాల్సిన ట్రాకును మెమరీ కార్డులోకి రాసి లినక్స్‌ను మూసేవరకు నిలబెడతాయి. ఆ కెపాసిటర్లు లేని బోర్డు చవకగా దొరికినా కొనొద్దు.

ప్రశ్న: మా ఆఫ్‌సెట్ ప్రెస్సులో పాత మెకింటాష్ ఉంది. పేజ్‌మేకర్‌లో చేసిన తెలుగు పుస్తకాలు, పంచాంగాలు అందులోనే ఉన్నాయి. స్కజీ (మెకింటాష్ డిస్కు కలిపే పాత కేబుల్ పద్ధతి) డిస్కు కీచుమంటోంది. ఫైళ్లను విండోస్‌లోకి ఎక్కించి చూస్తే ఫాంట్లు 0 కేబీ అని చూపిస్తున్నాయి.
– ప్రెస్సు యజమాని, కడప

జవాబు: మీ పనికి రాస్ప్‌బెర్రీ పై చక్కగా సరిపోతుంది. స్కజీలో ప్రతి బైటుకూ ఒకరు అడిగితే ఇంకొకరు అందుకుంటారు, ఆలస్యమైతే మెకింటాష్ ఎదురుచూస్తుంది. పై మీద పెట్టే బోర్డు పేరు పైస్కజీ. ఫుల్‌స్పెక్ రకమే తీసుకోండి. పాత డిస్కు నుంచి ఇమేజి లాగాలంటే బోర్డే మెకింటాష్ పాత్ర పోషించాలి, అది ఫుల్‌స్పెక్‌లోనే వీలవుతుంది. పై పిన్నులకు స్కజీ తీగలు నేరుగా తగిలించకండి. పై 3.3 వోల్టులది, స్కజీ 5 వోల్టులది. పై కాలిపోవచ్చు.

డిస్కును విప్పి బోర్డుకు ఒక్కదాన్నే కలపండి. రెండు చివర్లా టర్మినేషన్ ఉండాలి, మధ్యలో ఉండకూడదు. బోర్డుకు 7, డిస్కుకు 0 అన్నట్టుగా ఐడీలు (కేబుల్ మీద ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు) వేరువేరుగా ఉండాలి. డిస్కు మొత్తాన్ని మొదటి సెక్టారు నుంచి చివరి వరకు ఇమేజిగా తీయండి. విడి ఫైళ్లుగా వద్దు.

మీ ఫాంట్లు 0 కేబీ అయ్యింది ఇక్కడే. పాత మెకింటాష్ ఫైలుకు డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్ అని రెండు భాగాలు. ఫాంటు సరుకంతా రిసోర్స్ ఫోర్క్‌లోనే ఉంటుంది. విండోస్ దాన్ని పట్టించుకోక ఖాళీ భాగాన్నే తెచ్చుకుంది. పైగా ఆనాటి తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద కూర్చోబెట్టారు. ఆ ఫాంటు పోతే మీ పంచాంగం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట అవుతుంది. ఫాంట్లు పుస్తకాలంత విలువైనవి.

డిస్కు ఇమేజికి హెచ్‌డీఏ అనే తోక పెట్టి పైస్కజీలో ఐడీ 0కి తగిలించండి. తీసిన ఇమేజిలో ఆపిల్ పార్టిషన్ పట్టిక, డ్రైవర్ రెండూ ఉంటాయి కాబట్టి మెకింటాష్ నేరుగా బూట్ అవుతుంది. కొత్తగా ఖాళీ ఇమేజి చేసుకుంటే డ్రైవర్ ఉండదు, ప్రశ్నార్థకం ఉన్న ఫ్లాపీ బొమ్మ వస్తుంది. ముందు దాన్ని మెకింటాష్‌లో ఇనిషియలైజ్ చేయాలి. పాత సిస్టమ్‌కు వాల్యూమ్ 2 జీబీ దాటనివ్వకండి.

ముందు పై ఆన్ చేయండి, అది లేచాక మెకింటాష్. ఆపేటప్పుడు తిరగేసి. దీనికి పైన చెప్పిన కెపాసిటర్ల రక్షణ లేదు. కరెంటు కోతకు ఎస్‌డీ కార్డు చెడుతుంది, కాబట్టి రెండింటినీ ఒకే యూపీఎస్ మీద ఉంచండి. ఇమేజి కాపీ ఇంకోచోట ఉంచడం తప్పనిసరి. అదే ఇమేజి, పాత మెకింటాష్‌లా నటించే బాసిలిస్క్ అనే ప్రోగ్రాం ద్వారా ఇప్పటి కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటుంది. మీ మెకింటాష్ రోమ్ (ROM) చిప్ నుంచి తీసిన ఫైలు దానికి అవసరం. అక్కడి నుంచి పుస్తకాలను పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటర్లు చదివే పేజీ ఫైలు)గా ప్రింటు తీసి పెట్టుకోండి.

ప్రశ్న: మా ఎంబ్రాయిడరీ మెషీన్ ఫ్లాపీతో నడుస్తుంది. ఫ్లాపీ డ్రైవు బదులు పెన్‌డ్రైవ్‌తో నడిచే గోటెక్ పెట్టాను. సున్నాలు చూపిస్తుంది, డిజైన్ కనపడదు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: గోటెక్‌లో ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) వేశాక మూడు చూడండమ్మా. మీ మెషీన్ పాత ఫ్లాపీ మీద రెండో చదరపు కన్నం లేకపోతే అది 720 కేబీది. ఇమేజి సరిగ్గా 7,37,280 బైట్లుండాలి, 1.44 ఎంబీ ఇమేజి పెడితే చదవదు. రెండోది, మెలిక లేని కేబుల్‌కు జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) ఎస్0 మీద, పీసీ తరహా మెలికకు ఎస్1 మీద ఉండాలి. మూడోది 34వ పిన్ను: పీసీలు అక్కడ డిస్కు మారిందన్న సంకేతం ఆశిస్తాయి, చాలా యంత్రాలు డ్రైవు సిద్ధమన్న సంకేతం కోరుకుంటాయి. సెట్టింగుల ఫైలులో ఇంటర్‌ఫేస్‌ను షుగార్ట్‌కు (ఆ సిద్ధమన్న సంకేతమిచ్చే పద్ధతికి) మార్చి చూడండి.

పాత ఫ్లాపీల్లో డిజైన్లు మిగిలుంటే బూజు పట్టినవి నేరుగా డ్రైవులో పెట్టకండి. బూజు హెడ్‌కు అంటి తర్వాతి ఫ్లాపీని గీకేస్తుంది. ప్రతి ఫ్లాపీ తర్వాత హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే వద్దనే చెప్పండి. అది మెషీన్ సొంత ఫార్మాట్ కావచ్చు, దాన్ని గ్రీస్‌వీజల్ బోర్డుతో చదివించాలి.