ఫ్లైట్ తప్పింది శంషాబాద్‌లో, డబ్బు పోయింది మధురపూడిలో

ప్రశ్న: అన్నయ్య గారూ నమస్తే అండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నేనూ, చిన్నప్పట్నుంచీ నాతో చదువుకున్న ఫ్రెండూ కలిసి సంక్రాంతి వెళ్ళాక నాలుగు రోజులు బ్యాంకాక్ చూసొద్దాం అనుకున్నాం, చీటీ పాడుకున్న డబ్బులే ఇద్దరివీ, తక్కువలో అయిపోవాలని మూడు నెలల ముందే టికెట్లు తీసాం. బుక్ చేసింది వాడే. రాజమండ్రి (మధురపూడి ఎయిర్‌పోర్ట్) నుంచి హైదరాబాద్‌కి ఒక కంపెనీలో, అక్కణ్ణుంచి బ్యాంకాక్‌కి రానూపోనూ ఇంకో కంపెనీలో విడివిడిగా తీస్తే మనిషికి 2,600 తగ్గిందండి. ఆ రోజు తెల్లారగట్ల 4 గంటలకి కారులో బయల్దేరితే రావులపాలెం దాటాక గౌతమి బ్రిడ్జి మీద ముందెళ్తున్న లారీ వెనక లైట్లు కూడా కనపడలేదు, అంత మంచు. 7.40కి ఎగరాల్సిన ఫ్లైట్ 10.15కి ఎగిరింది. శంషాబాద్‌లో దిగేసరికి 11.25, బ్యాగు బెల్ట్ మీదకి రావడానికి ఇంకో ఇరవై ఐదు నిమిషాలు, అందులో మా అమ్మ పెట్టిన పూతరేకుల డబ్బా ఉంది, వదిలేసి ఎలా వెళ్తామండి. పైకి పరిగెత్తి కౌంటర్ దగ్గరికి చేరేసరికి 12.08. ఫ్లైట్ 1 గంటకి, కౌంటర్ 12కే క్లోజ్ అన్నారు, ఎంత బతిమాలినా వినలేదు. అప్పటికప్పుడు వేరే టికెట్ కొనే స్తోమత లేక రాత్రి ట్రైన్‌కి ఇంటికొచ్చేసాం. హోటల్‌తో కలిపి మనిషికి 24 వేలు పోయాయి. లేట్ చేసింది మొదటి ఫ్లైట్ వాళ్ళు కదా, వాళ్ళు కట్టరా? మేం వెళ్ళే ఫ్లైట్ తప్పితే రిటర్న్ టికెట్ కూడా ఎందుకు తీసేసారు? ఇంట్లో అందరూ బుక్ చేసింది వాడు కాబట్టి నా వాటా వాడినే అడగమంటున్నారు, అడగనా? పది రోజులైంది, వాడు ఫోన్ కూడా చెయ్యట్లేదండి.
— ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ఆ 12.08 దగ్గరికి వచ్చేసరికి నాకే గుండె జారిపోయింది. ఎనిమిది నిమిషాలు. కౌంటర్లో ఉన్నవాళ్ళు వినలేదని నీకు కోపం ఉంటుంది, ఉండకుండా ఎలా ఉంటుంది, కానీ ఇంటర్నేషనల్ అయితే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, కొన్ని కంపెనీలు 75 నిమిషాల ముందే. మూసేసాక ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంత సామాను వెళ్తోంది అనే లెక్క వెళ్ళిపోతుంది, ఆ తర్వాత అక్కడ నిలబడ్డ మనిషి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

ఇక మొదటి ఫ్లైట్ వాళ్ళ సంగతి. టికెట్లు విడిగా తీసినప్పుడు నీకు రెండు పీఎన్ఆర్‌లు వచ్చాయి. అంటే రెండు వేర్వేరు బేరాలు అన్నమాట. మొదటి వాళ్ళు ఒప్పుకున్నది నిన్ను శంషాబాద్‌లో దింపుతామని, లేటుగానైనా దింపేసారు, నీకు ఒంటిగంటకి బ్యాంకాక్ ఫ్లైట్ ఉందన్న సంగతి వాళ్ళ కంప్యూటర్లో ఎక్కడా లేదు. అదే ఒకే పీఎన్ఆర్ మీద రాజమండ్రి నుంచి బ్యాంకాక్ దాకా తీసుంటే రెండోది తప్పినా ఆ తర్వాత ఖాళీ ఉన్న ఫ్లైట్లో ఎక్కించే పూచీ వాళ్ళదే, నీ బ్యాగు కూడా మధురపూడిలోనే బ్యాంకాక్ ట్యాగు కట్టించుకుని వెళ్ళిపోయేది, బెల్ట్ దగ్గర ఆ ఇరవై ఐదు నిమిషాలు నిలబడాల్సిన పనే లేదు. నువ్వు 2,600కి అమ్ముకున్నది ఆ పూచీనే, వెబ్‌సైట్లో ధర మాత్రం పెద్దక్షరాల్లో కనిపిస్తుంది, ఇది కనపడదు, అందుకే చదువుకున్నవాళ్ళు కూడా పడిపోతారు ఇందులో. పైగా కారణం పొగమంచు. వాతావరణం వల్ల ఆగితే ఎయిర్‌లైన్ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని, విమానాల రూల్సు చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రూల్లోనే ఉంది. ఒక్కటి మాత్రం, మీదాంట్లాంటి చిన్న ఫ్లైట్ రెండు గంటలు దాటి లేటయితే తిండీ నీళ్ళూ మామూలుగా వాళ్ళే చూడాలి, మంచు వల్లైతే అదీ తప్పనిసరి కాకపోవచ్చు, అయినా అడగొచ్చు. మనవాళ్ళు చాలామంది మొహమాటానికి అడగరు, ఈసారి అడుగు.

రిటర్న్ టికెట్ సంగతి నాకు ఎక్కువ బాధనిపించింది. రానూపోనూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నప్పుడు మొదటి ప్రయాణానికి చెప్పాపెట్టకుండా రాకపోతే చాలా కంపెనీలు నో షో అని రాసి మిగతాదంతా రద్దు చేసేస్తాయి. చెప్పి ఉంటే? ఇక్కడే నేను నీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఉంది తమ్ముడూ. మీ డబ్బు శంషాబాద్ కౌంటర్ దగ్గర పోలేదు, మధురపూడిలో అద్దంలోంచి మంచు ఎప్పుడు విడుతుందా అని చూస్తూ కూర్చున్నారే ఆ రెండున్నర గంటల్లో పోయింది. 7.40కే లేట్ అని తెలిసింది, బ్యాంకాక్ ఫ్లైట్‌కి ఇంకా ఐదు గంటల పైనే ఉంది. అప్పుడే రెండో కంపెనీకి ఫోన్ చేసి, ఇలా ఇరుక్కుపోయామండీ రేపటికి మార్చండి అంటే మార్పు చార్జీ, ఆ రోజు ధరకీ మీ ధరకీ ఉన్న తేడా కట్టించుకునేవాళ్ళు, చేదుగానే ఉండేది గానీ టికెట్ చచ్చేది కాదు, రిటర్న్ కూడా నిలిచేది. మార్పులు బయల్దేరడానికి కొన్ని గంటల ముందు వరకే ఒప్పుకుంటారు, ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క, అందుకని ఆశ పెట్టుకుని కూర్చోకూడదు, లేట్ బోర్డు పడగానే ఫోన్ తియ్యాలి.

సరే, ఇప్పుడు ఏం రాబట్టుకోవచ్చో చూద్దాం. టికెట్ మీద నాన్ రిఫండబుల్ అని రాసున్నా, ఎక్కకపోయినా, మన దేశపు ఎయిర్‌లైన్ అయితే ప్రభుత్వ పన్నులు, యూడీఎఫ్ లాంటి ఎయిర్‌పోర్ట్ చార్జీలు వెనక్కి ఇచ్చి తీరాలని డీజీసీఏ రూలు, ఆఫర్ టికెట్లకి కూడా ఇది వర్తిస్తుంది. అసలు ఛార్జీ రాదు, ఈ ముక్క వస్తుంది, కానీ అడిగితేనే వస్తుంది. యాప్‌లో బుక్ చేసినా తిరిగిచ్చే బాధ్యత ఎయిర్‌లైన్‌దే, మీ ఏజెంట్‌ని అడగండి అని తిప్పితే ఒప్పుకోకు. వినకపోతే పౌర విమానయాన శాఖ వాళ్ళ ఎయిర్‌సేవ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. విదేశీ కంపెనీ అయితే వాళ్ళ దేశం రూల్సు నడుస్తాయి, అయినా రాసి అడుగు. టికెట్‌తో పాటు ట్రావెల్ ఇన్సూరెన్స్ టిక్కు పెట్టారేమో వెతుకు, ఉంటే మొదటి కంపెనీ నుంచి ఫ్లైట్ ఇంత లేటయింది అని సర్టిఫికెట్ తీసుకుని క్లెయిమ్ వెయ్యి, విడి టికెట్లకి ఇవ్వం అనే పాలసీలూ ఉన్నాయి కాబట్టి ముందు కాగితం చదువు. హోటల్ వాళ్ళకి మెయిల్ పెట్టి డబ్బు వద్దు తేదీలు మార్చండి అని అడిగి చూడు, కొందరు ఒప్పుకుంటారు.

మళ్ళీ వెళ్తారుగా, వెళ్ళాలి కూడా. పుష్యం, మాఘం చలిలో మధురపూడి ఉదయం ఫ్లైట్‌ని నమ్ముకుని అదే రోజు విదేశీ ఫ్లైట్ పెట్టుకోకండి. ముందు రోజు రాత్రి కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్‌ని రాజమండ్రిలో పట్టుకుంటే తెల్లారేసరికి హైదరాబాద్, అక్కణ్ణుంచి ఆర్టీసీ వాళ్ళ పుష్పక్ బస్సు ఎక్కి ఎయిర్‌పోర్ట్. ట్రైనూ లేటవ్వచ్చు, అందుకే మధ్యలో ఐదారు గంటలు ఉంచుకోండి, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే ఎంతసేపు. బట్టలు ఏడు కిలోల చేతి బ్యాగులో సర్దుకుంటే బెల్ట్ గోల ఉండదు, పూతరేకులు కూడా అందులోనే ఒళ్ళో పెట్టుకుని వెళ్ళొచ్చు.

నీ మూడో ప్రశ్న. అడక్కు తమ్ముడూ. 2,600 తగ్గిందని వాడు ఫోన్లో చూపించినప్పుడు సూపర్ రా అని ఉంటావు, అప్పుడు ఇద్దరిదీ అయిన లాభం ఇప్పుడు నష్టమయ్యేసరికి వాడొక్కడిదీ ఎలా అవుతుంది? చెరి సగం పడింది, అంతే. ఇంట్లోవాళ్ళు నీ మీద ప్రేమతో అంటున్నారు, వాళ్ళకి నువ్వే నచ్చజెప్పు. వాడు పది రోజులుగా ఫోన్ చెయ్యట్లేదంటే నీ మీద కోపంతో కాదు, నీ మొహం చూడలేక, నాకు అలాగే అనిపిస్తోంది. వాడి డబ్బూ పోయింది, నీ డబ్బు పోగొట్టానన్న దిగులు దాని మీద ఇంకొకటి. వాడు చేస్తాడని చూడకు, నువ్వే బయల్దేరు. ఎలాగూ రిఫండ్ ఫారం నింపాలంటే బుకింగ్ వాడి నంబర్ మీద ఉంది, ఓటీపీ వాడి ఫోన్‌కే వస్తుంది. పూతరేకులు మిగిలుంటే ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళు.